అర చుక్క లెక్క

గొల్లపల్లిలో మా మేనమామ ఇంటి ముందు, వేపచెట్టు నీడలో ఒక తెల్ల మారుతి 800 ఉంటుంది. 1997 మోడల్. నంబరు ప్లేటు మీద ఇప్పటికీ 'ఏపీ 15' అనే ఉంటుంది. అది చూడగానే 'ఓహో, పాత కరీంనగర్ జిల్లా బండి' అని గుర్తుపట్టారంటే మీకూ నలభై దగ్గర పడ్డట్టే! మామ దుబాయిలో ఆరేళ్లు రెక్కలు ముక్కలు చేసుకుని సంపాదించిన డబ్బుతో కొన్న బండి అది. అత్తకు నొప్పులొచ్చిన రాత్రి జగిత్యాల ఆస్పత్రికి పరుగెత్తింది ఆ బండే. ఆ రాత్రి పుట్టినవాడు ఇప్పుడు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. గొడవంతా వాడితోనే వచ్చింది.

పోయిన చలికాలం ఒకరోజు తెల్లవారుజామున ధర్మపురికి బయల్దేరాం. మామ చోక్ లాగి తాళం తిప్పాడు. బండి దగ్గింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ దగ్గింది. నాలుగోసారికి అంటుకుని, వీధి చివరిదాకా వెళ్లి ఆగిపోయింది.

''పొద్దుగాల గింతే అల్లుడా. ఒక్కసారి వేడెక్కిందంటే గుర్రమే'' అన్నాడు మామ నా వైపు తిరిగి.

వెనక సీట్లోంచి బామ్మర్ది అందుకున్నాడు. ''బాపూ, ఈ చోకూ వద్దు, కార్బొరేటరూ వద్దు. దీనికి కంప్యూటర్ పెడదాం. లెక్కలన్నీ మనమే రాసుకునే కంప్యూటర్.''

''ఏందిరా? గింత పాత బండికి కంప్యూటరా? నాకే చెయ్యరాదు, దానికేమొస్తది?''

వారం వారం బళ్ల గురించి రాసేవాణ్ని కదా అని తీర్పు నన్ను చెప్పమన్నారు. ఆ రోజు ఏదో నసిగి తప్పించుకున్నాను. ఇప్పుడు చెప్పక తప్పదు. ఎందుకంటే ఆ పని కాస్తా అయిపోయింది.

అసలు ఇంజిన్‌కు వచ్చే కష్టమేమిటో ముందు చూద్దాం. మారుతి 800 ఇంజిన్ 796 సీసీ, మూడు సిలిండర్లు. అంటే ఒక్కో సిలిండర్ 265 సీసీ. అది గాలితో పూర్తిగా నిండితే ఆ గాలి బరువు గ్రాములో మూడో వంతుకు కాస్త తక్కువ. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. ఆ లెక్కన ఒక్కసారి మండడానికి పట్టే పెట్రోలు సుమారు 20 మిల్లీగ్రాములు. కంటిలో మందు వేసుకుంటాం చూడండి, అలాంటి చుక్కలో సగం! ఇంజిన్ నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుంటే మూడు సిలిండర్లకూ కలిపి సెకనుకు 75 సార్లు ఆ అర చుక్క అందాలి. ఎక్కువైతే నల్లపొగ, తక్కువైతే దగ్గు. మరీ తక్కువైతే పిస్టన్‌కే చేటు.

ఈ పని ఇన్నాళ్లూ కార్బొరేటర్ చేసింది. పూర్వం ఇళ్లలో దోమల మందు కొట్టే ఫ్లిట్ పంపు ఉండేది, గుర్తుందా? పిడి తోస్తే గాలి వేగంగా వెళ్లేది, ఆ ఊపుకు కింద డబ్బాలోని మందు పైకి లేచి తుంపరగా పడేది. కార్బొరేటర్ కూడా అంతే. ఇంజిన్ పీల్చుకునే గాలి ఒక ఇరుకు గొంతులోంచి దూసుకెళ్తుంది. అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. సన్నటి జెట్‌లోంచి పెట్రోలు పైకి లేచి గాలిలో కలుస్తుంది. తీగ లేదు, కరెంటు లేదు, తూకం లేదు. మా నాయనమ్మ పప్పులో ఉప్పు వేసినట్టు, అంతా చేతి అలవాటే. నూటికి తొంభై సార్లు బాగానే కుదురుతుంది.

కుదరనిది ఆ మిగతా పది సార్లే. మా వైపు చలికాలం తెల్లవారుజామున 15 డిగ్రీలు ఉంటే, మే నెల మధ్యాహ్నం 45 దాకా పోతుంది. 15 డిగ్రీల గాలి కంటే 45 డిగ్రీల గాలి దాదాపు పది శాతం తేలిక. సిలిండర్ అదే, పట్టే గాలి బరువు మాత్రం వేరు. ఈ తేడాను కార్బొరేటర్ తూచలేదు. చల్లటి ఇంజిన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు కాబట్టి ఎక్కువ పోయాలని కూడా దానికి తెలియదు. అందుకే మనం చోక్ లాగి చెప్పాలి.

దీనికి ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చిపడింది. 2025 నాటికి దేశమంతా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చేసింది. చెరకు, మక్కజొన్న, నూకల నుంచి తీసే ఆ ఇథనాల్ గ్రాము మండడానికి 9 గ్రాముల గాలి చాలు. కాబట్టి ఈ కలిపిన పెట్రోలుకు కుదిరే గాలి పాళ్లు 14.7 నుంచి 13.5 దగ్గరకు దిగుతాయి. అంటే అదే గాలికి ఏడెనిమిది శాతం పెట్రోలు ఎక్కువ పోయాలి. 1997లో తొలిచిన జెట్ రంధ్రం 1997 పెట్రోలుకు తగ్గట్టే ఉంది. అది తనంతట తాను పెద్దది కాదు కదా! చలి పొద్దున ఆ దగ్గులో కొంత వాటా దీనిదే. (ఇథనాల్ అనగానే మా జిల్లావాళ్లకు 2015 డిసెంబరులో మూతపడ్డ ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ గుర్తుకొస్తుంది. అది వేరే కథ, వేరే కోపం.)

పాత బళ్లలో కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చుకోవాల్సి రావచ్చని 2025లో పెట్రోలియం శాఖే చెప్పింది. మామ బండిలో పెట్రోలు గొట్టాలు అప్పటికే మెత్తబడ్డాయి.

సరే, బామ్మర్ది చెప్పిన కంప్యూటర్ ఏమిటి? నిజానికి అది మీ ఇంట్లోనూ ఉంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొన్న స్ప్లెండరో, యాక్టివానో ఉంటే దాని సీటు కిందో, పక్క డొప్ప వెనకో ఉంటుంది. పెట్రోలును గాలి గుంజుకోవడం కాదు, ఇంజెక్టర్ అనే చిన్న కవాటం చిమ్ముతుంది. ఎంతసేపు తెరుచుకోవాలో కంప్యూటర్ చెబుతుంది. సెకనులో వెయ్యో వంతుల్లో ఉంటుంది ఆ లెక్క. కార్లలో ఇది కొత్తేమీ కాదు. జర్మనీ బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ను 1967లోనే ఫోక్స్‌వ్యాగన్ 1600కు పెట్టింది. పొగగొట్టంలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో చూసి చెప్పే లాంబ్డా సెన్సర్ 1976లో వోల్వో కార్లలో వచ్చింది. 1979లో బీఎండబ్ల్యూ 732ఐలో పెట్రోలు, స్పార్కు రెండూ ఒకే కంప్యూటర్ చేతికి వచ్చాయి. మన దగ్గర ఆలస్యమైంది. ఆ సెన్సర్‌కు సీసం విషం. సీసం లేని పెట్రోలు దేశమంతటికీ వచ్చింది 2000 ఫిబ్రవరిలో. మారుతి 800కు ఎంపీఎఫ్ఐ వచ్చిందీ ఆ ఏడాదే. మామ మూడేళ్లు ఆగి కొనుంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

కంపెనీ పెట్టిన కంప్యూటర్‌కు తాళం వేసి ఉంటుంది. అందులోని లెక్కలు మనం మార్చలేం. తాళం లేనివి మొదట్లో రేసుల వాళ్ల దగ్గరే ఉండేవి. 2001లో అమెరికాలో బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో అనే ఇద్దరు 'మెగాస్క్విర్ట్' అని ఒకటి తయారుచేసి, సర్క్యూట్ ఎలా కట్టాలో అందరికీ చెప్పేశారు. కావలసినవాళ్లు భాగాలు తెచ్చుకుని ఇంట్లోనే టంకం వేసుకోవచ్చు. ఆ తర్వాత ఆస్ట్రేలియా నుంచి జోష్ స్టీవర్ట్ తెచ్చిన 'స్పీడుయినో' ఇంకా సులువైంది. అది నడిచేది ఆర్డుయినో బోర్డు మీద. ఇంజనీరింగ్ పిల్లలు ప్రాజెక్టులకు దీపాలు వెలిగించి ఆర్పే బోర్డు ఉంటుందే, అదే కుటుంబం. మా వాడి చేతికి చిక్కింది ఇదే.

డబ్బా పెట్టేస్తే పని అయిపోతుందనుకుంటే పొరపాటే. డబ్బాకు కళ్లూ చెవులూ కావాలి. గాలి ఒత్తిడికి ఒక సెన్సర్, గాలి వేడికి ఒకటి, నీళ్ల వేడికి ఒకటి, యాక్సిలరేటర్ ఎంత తొక్కామో చెప్పడానికి ఒకటి, పొగగొట్టంలో ఒకటి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంజిన్ ఏ క్షణాన ఎక్కడుందో తెలియాలి. దానికి క్రాంక్ పుల్లీకి పళ్ల చక్రం బిగించారు. 36 పళ్లు ఉండాల్సిన చోట ఒకటి తీసేసి 35. ఒక్కో పన్నుకు పది డిగ్రీలు. ఆ ఖాళీ దగ్గరకు వచ్చినప్పుడల్లా కంప్యూటర్ 'ఇదీ మొదలు' అని లెక్క పెట్టుకుంటుంది. జపమాలలో మేరుపూస లాగ అన్నమాట.

ఇంజెక్టర్లు, గాలి పైపులు పాత సామాన్ల దుకాణంలో దొరికిన ఎంపీఎఫ్ఐ 800వే. బిగించడానికి బండి మా భాయ్ షెడ్డుకు పోయింది. ఇరవై ఏళ్లుగా ఆ ఇంజిన్‌ను విప్పి కట్టిన చేతులు ఆయనవి. బల్ల మీద పరిచిన సామాను చూసి భాయ్ అడిగిన మొదటి ప్రశ్నకు నా దగ్గరా జవాబు లేకపోయింది.

''అంతా ఎంపీఎఫ్ఐ బండిదే తెచ్చినవ్. డబ్బా కూడా దాన్దే పెడితే పాయె గదా బేటా?''

నిజమే. మీలో ఎవరికైనా ఇలాంటి ఆలోచన ఉంటే భాయ్ మాటే నా మాట. కంపెనీ డబ్బా, దాని వైరింగుతో సహా పెట్టుకుంటే లెక్కలన్నీ కంపెనీ ఇంజనీర్లు వేసినవే ఉంటాయి. పొగగొట్టంలో సెన్సర్ ఉన్న బండి అయితే ఇథనాల్ తేడాను కొంతవరకు తనే సర్దుకుంటుంది. రేపు ఎక్కడ ఆగినా జగిత్యాలలో ఎవరో ఒకరికి అర్థమవుతుంది. మా వాడు ఒప్పుకోలేదు. ''దాంట్లో ఏముందో మనకు కనబడది భాయ్'' అన్నాడు. వాడికి కావాల్సింది బండి స్టార్ట్ కావడం ఒక్కటే కాదు. లోపల ఏం జరుగుతుందో చూడాలి. పాతికేళ్ల వయసులో అది తప్పని నేను అనలేను.

మొదటి ప్రమాదం పెట్రోలుతోనే తప్పిపోయింది. కార్బొరేటర్‌కు పెట్రోలు అందించే పాత పంపు ఒత్తిడి చాలా తక్కువ. ఇంజెక్టర్లకు దాదాపు 3 బార్ కావాలి, పది రెట్లు అనుకోండి. కొత్త కరెంటు పంపు పెట్టారు, ఇంజిన్ దగ్గర కొత్త గొట్టాలు వేశారు. కారు కింద ఒక మూర పాత గొట్టం మాత్రం 'బాగానే ఉంది కదా' అని వదిలేశారు. పంపు ఆన్ చేసిన నిమిషానికి, వాకిట్లో బియ్యం చెరుగుతున్న అత్త ''ఏందో పెట్రోల్ వాసనొస్తుంది'' అంది. కిందికి వంగి చూస్తే నేలంతా తడి. ఎవరి దగ్గరా అగ్గిపెట్టె లేదు కాబట్టి ఇదంతా నవ్వుతూ రాస్తున్నాను. ఇంజెక్షన్ పెట్టుకునేవాళ్లు ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా ఒత్తిడి ఉండే ప్రతి గొట్టం, ప్రతి క్లిప్పు ఇంజెక్షన్‌కు పనికొచ్చేవే వేయాలి. మిగతా ఏ ఖర్చు తగ్గించుకున్నా ఫర్వాలేదు, ఇది తగ్గించకండి.

తర్వాతి ఆదివారం బండి స్టార్టయింది. చోక్ లేకుండా. మామ ఏమీ అనలేదు కానీ వీధిలోకి వెళ్లి ఇద్దరు ముగ్గుర్ని పిలుచుకొచ్చాడు.

అసలు పని అక్కడి నుంచి మొదలు. కంప్యూటర్‌లో ఒక పట్టిక ఉంటుంది. అడ్డంగా 16 గళ్లు, నిలువుగా 16. మొత్తం 256. ఒకవైపు ఇంజిన్ వేగం, ఇంకోవైపు గాలి ఒత్తిడి. ప్రతి గడిలో ఒక అంకె. ఈ వేగంలో, ఇంత ఒత్తిడిలో సిలిండర్ ఎంత శాతం నిండుతుందో ఆ అంకె చెబుతుంది. దాన్ని బట్టే అర చుక్కా, పావు చుక్కా. స్పార్కు ఎప్పుడు పడాలో చెప్పడానికి ఇంకో పట్టిక. కంపెనీలు దీన్ని పరీక్షా కేంద్రాల్లో నెలల తరబడి నింపుతాయి. మేము గొల్లపల్లి - జగిత్యాల రోడ్డు మీద నింపాం. మామ డ్రైవింగు, పక్క సీట్లో ల్యాప్‌టాప్‌తో బామ్మర్ది, వెనక నేను. తెర మీద ఒక చుక్క గడి నుంచి గడికి గెంతుతుంటుంది. 'బాపూ, గిదే స్పీడు పట్టు... కొంచెం తొక్కు... ఇంక జర...' వడ్ల ట్రాక్టర్ల వెనక, గొర్రెల మంద మధ్య ఒకే స్పీడు పట్టమంటే మామ ఎంత పడతాడు? కొన్ని గళ్లు ఒక్క రోజులో కుదిరాయి. కొండగట్టు ఎక్కితే తప్ప రాని గళ్లు కొన్ని ఉన్నాయి. దేవుడి దర్శనం వంకతో రెండుసార్లు వెళ్లాం. తోలేవాడే ల్యాప్‌టాప్ చూసుకునే పని మాత్రం ఎవరూ చేయకండి.

నాలుగో వారం భాయ్ షెడ్డు ముందు నుంచి వెళ్తుంటే ఆయన చెయ్యెత్తి ఆపాడు. బానెట్ కూడా తీయలేదు.

''ఇంజన్ ఏడుస్తుంది. మీకు ఇనవడ్తలేదా?''

మాకు వినబడలేదు. తెర మీద అంతా పచ్చగా ఉంది. గాలి - పెట్రోలు పాళ్లు కుదిరాయి, వేడి కుదిరింది. భాయ్ యాక్సిలరేటర్ ఒక్కసారి గట్టిగా ఇచ్చి మా వాడి తల బానెట్ దగ్గరకు వంచాడు. సన్నగా, గాజు గోళీలు డబ్బాలో వేసి ఆడించినట్టు చప్పుడు. స్పార్కు పడాల్సిన దానికంటే ముందే పడుతోంది. భాయ్ టైమింగ్ లైట్ తెచ్చి పుల్లీ మీద కొట్టి చూపించాడు. తెర మీద స్పార్కు 10 డిగ్రీలు. పుల్లీ మీద చూస్తే ఇరవై దాటింది. పళ్ల చక్రం బిగించేటప్పుడు ఒక పన్ను అటూ ఇటూ అయింది. అంతే, ఒక పన్ను. పది డిగ్రీలు. కంప్యూటర్ తనకు చెప్పిన 'మొదలు' నుంచే లెక్క పెట్టుకుంటోంది, పాపం దాని తప్పేముంది? అలాగే ఇంకో వేసవి తిరిగుంటే పిస్టన్లు కరిగేవి.

ఆ రోజు నుంచి మా వాడు భాయ్‌ని 'గురూజీ' అంటున్నాడు. భాయ్ కూడా మారాడు. మొదట్లో ల్యాప్‌టాప్ వైపు చూడనివాడు, ఇప్పుడు 'ఆ చుక్కది చూపెట్టు' అని అడుగుతున్నాడు.

మామ మాత్రం మొదటి రోజు నుంచీ ఒకటే అడుగుతున్నాడు. మైలేజీ పెరిగిందా? మొదటి పదిహేను రోజులు తగ్గింది. కొత్త పట్టికలో భద్రత కోసం పెట్రోలు కొంచెం ఎక్కువే పెట్టి మొదలుపెడతారు. తర్వాత పాత లెక్కకు వచ్చింది. అంతకన్నా పెరిగిందా అంటే బామ్మర్ది లెక్క వేరు, మామ లెక్క వేరు. నాకు కనిపించిన లాభం ఒకటే, తెల్లవారుజామునా మిట్టమధ్యాహ్నమూ ఒకేలా నడుస్తోంది. పెట్టిన ఖర్చు ఎంతని అడక్కండి. ఇల్లు చక్కగా ఉండాలని ఆ అంకె నేను రాయడం లేదు. బండి అమ్మితే వచ్చే దానికంటే ఎక్కువ అని మాత్రం చెప్పగలను.

కాగితాల సంగతి కూడా ఉంది. రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటను గట్టిగా చెప్పింది. మా వాడు ఇంజిన్ మార్చలేదు, ఇంజిన్ నంబరు అదే. అంతమాత్రాన చట్టం పట్టదని అనుకోకుండా ముందే రవాణా శాఖ ఆఫీసులో అడిగి మొదలుపెట్టడం మేలు. మావాళ్లు మొదలుపెట్టాక అడిగారు. 50 ఏళ్లు దాటిన బళ్లకు 2021లో వింటేజ్ రిజిస్ట్రేషన్ వచ్చింది కదా, దానికైతే బండి మొదట ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. తాతగారి ఫియట్‌ను దానికోసం దాచుకుంటున్నవాళ్లు ఈ జోలికి పోకండి.

పొల్యూషన్ పరీక్షలో ఇంత పాత బండికి కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాటకూడదు. కార్బొరేటర్‌తో ప్రతిసారీ అంచున వేలాడేది, స్క్రూ తిప్పి తిప్పి గట్టెక్కించేవారు. ఈసారి తిప్పడానికి స్క్రూ లేదు, ఆ అవసరమూ రాలేదు. ఇది మామకు చిన్న విషయం కాదు. 15 ఏళ్లు నిండాక ఐదేళ్లకోసారి రెన్యువల్. 2012, 2017, 2022 అయ్యాయి, మళ్లీ 2027. 20 ఏళ్లు దాటిన కార్లకు ఈ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో 5 వేల నుంచి 10 వేలకు పెంచింది. ''పదివేలు కట్టి ఈ డబ్బాను ఇంకా ఉంచుకునుడు అవసరమా?'' అని పెద్దబ్బాయి ఫోన్లో అంటే, మామ ''నీ తమ్ముడు అందుట్ల చెయ్యి పెట్టిండు, ఇప్పుడెట్ల అమ్ముత?'' అన్నాడట. అత్త చెప్పింది.

ఇంతకీ నా తీర్పు. రోజూ బండి తీయాల్సినవాళ్లు, ఇంట్లో ఓపికగల ఎలక్ట్రానిక్స్ పిల్లలు లేనివాళ్లు ముందు కార్బొరేటర్ శుభ్రంగా విప్పి కడిగించండి. గొట్టాలు, డయాఫ్రమ్ మార్పించి, జెట్ ఇప్పటి పెట్రోలుకు తగ్గట్టు వేయించండి. సగం దగ్గు పోతుంది. అదీ చాలకపోతే కంపెనీ ఎంపీఎఫ్ఐ సామాను మొత్తంగా పెట్టించండి. తాళం లేని డబ్బా అనేది కొనే వస్తువు కాదు, పెంచుకునే పని. ఆ 256 గళ్లు ఎవరో ఒకరు నింపాలి. ఆ మనిషి రేపు ఉద్యోగమని హైదరాబాదో, వాళ్ల బాపులాగ దుబాయో వెళ్లిపోతే బండికి దిక్కెవరో ఇవాళే ఆలోచించుకోవాలి. మా వాడు పట్టికలన్నీ పెన్‌డ్రైవ్‌లో పెట్టి, వైర్ల బొమ్మ తెలుగులో గీసి భాయ్ షెడ్డు గోడకు అంటించాడు. భాయ్ దానికి ప్లాస్టిక్ కవరు వేయించాడు.

మొన్న సంక్రాంతికి వెళ్లాను. మంచు కురుస్తున్న పొద్దున మామ తాళం తిప్పగానే బండి అంటుకుంది. కానీ ఆయన ఎడమ చెయ్యి అలవాటుగా చోక్ పిడి మీదకు పోయింది, లాగింది కూడా. దాని వెనక ఇప్పుడు తీగ లేదు. పీకేస్తానంటే మామే ఒప్పుకోలేదట. డిక్కీ తెరిస్తే స్టెప్నీ పక్కన, నూనె రాసి పాత పంచెలో మూటగట్టిన కార్బొరేటర్ ఉంది. దాంతోపాటు రెండు పానాలు.

''ఎందుకు మామా?'' అన్నాను.

''ఉండనీయ్ అల్లుడా. అది తిండి అడుగుతదా?''